నిలుచుటకై మనస్సు పడు శ్రమ

పంటకాలువమీది తాటిదుంగను దాటుట మన కోనసీమ స్త్రీలకు క్రొత్త కాదు. ఇంటి సంగతులు చెప్పుకొనుచు గట్టువెంట వచ్చు నిద్దఱు స్త్రీలు దుంగ మొదటికి రాగానే మాట చాలింతురు. చూపు పాదములమీద నిలిపి, ఒకరి వెనుక నొకరు దాటుదురు. ఆవలిగట్టున అడుగు పెట్టినతోడనే విడిచిన మాటను మరల నందుకొందురు. ఇట్లు చేయుమని వారికెవ్వరును నేర్పలేదు. మనస్సే తన లెక్క తాను చూచుకొని, నాలుకకు పెట్టు ఖర్చును కొంతసేపు కాళ్లకు మరలించినది. నెలకు వచ్చు సొమ్ము మితమైనప్పుడు ఒక పద్దు పెరిగినచో వేఱొక పద్దు తగ్గవలసినదే గదా! ఎఱుక యనునదియు నట్టి మితమైన సొమ్మే.

దుంగమీద నడచునప్పుడు మాత్రమే మనకీ ఖర్చు తెలియును. చదునైన వసారాలో నడచునప్పుడు తెలియదు. కాని కంపవాతము సోకినవారికి ఆ చదునైన వసారాయే తాటిదుంగ. వారు ఊరక నిలుచుటకును, నాలుగడుగులు వేయుటకును, వెనుకకు తిరుగుటకును మనస్సును ఖర్చు పెట్టుచుందురు. ఆ ఖర్చు పైకి కానరాదు. కానరాదు గనుకనే యింటిలోనివారు దానిని తెలిసికొనలేక, పెద్దవారిని అపార్థము చేసికొనుచుందురు. ఒక్కొక్కప్పుడు వారు పడిపోవుటకు తెలియకయే కారకులగుచుందురు. ఈ కానరాని ఖర్చును కొలుచుటకు శాస్త్రజ్ఞులు చేసిన యత్నములను, వానివలన గృహిణులు నేర్వదగిన సంగతులను ఇందు వివరింతును.

కంపవాతమును వైద్యులు పార్కిన్సన్ వ్యాధి యందురు. లండను నగరమున జేమ్స్ పార్కిన్సన్ అను వైద్యుడు 1817 లో దీనినిగూర్చి యొక చిన్న పుస్తకము వ్రాసెను. ఆయన పేరే వ్యాధికి నిలిచినది. మెదడు అడుగుభాగమున నల్లని రంగుగల యొక చిన్న తావు కలదు. అందలి కణములు డోపమిన్ అను ద్రవ్యమును తయారుచేయును. ఆ కణములు క్రమక్రమముగా నశించుటచే డోపమిన్ కొఱతపడి యీ వ్యాధి పుట్టును. విశ్రాంతిగా నున్న చేయి వణకుట, అవయవములు బిగిసికొనుట, చేష్టలు మందగించుట, నిలుకడ తప్పుట అనునవి దీని ముఖ్యలక్షణములు. వ్రాత చిన్నదగును, కంఠధ్వని తగ్గును, ముఖమున భావములు సన్నగిలును. కొందఱికి వణకు పుట్టుటకు ఏండ్లకు ముందే వాసన తెలియకపోవుటయు, మలబద్ధమును కలుగును. అఱువదియేండ్లు దాటినవారిలో ఇంచుమించు నూటికొకరికి ఈ వ్యాధి యుండునని వైద్యుల యంచనా. వణకెల్ల కంపవాతము కాదు. గ్లాసు ఎత్తునప్పుడు, సంతకము చేయునప్పుడు మాత్రమే చేయి వణకుట తఱచు వేఱొక వ్యాధి లక్షణము. కావున పేరు పెట్టవలసినది వైద్యుడే గాని మనము కాదు.

వణకు కంటికి కనబడును. దానికి ఇంటిల్లిపాదియు భయపడుదురు. కాని మనిషిని మంచము పట్టించునది తఱచు వణకు కాదు, పడిపోవుట. ఒక్కమారు తుంటియెముక విఱిగెనా, అంతవఱకు తన పనులు తాను చేసికొనుచున్నవారు పరాధీనులగుదురు. ఒక్కమారు పడినవారికి మరల పడుదునేమో యను భయము పట్టుకొని, నడక తగ్గి, నడక తగ్గినందున కాళ్లు మఱింత బలహీనపడును. వణకును, బిగువును మందు చాలవఱకు లోబఱచుకొనును. నిలుకడ మాత్రము మందునకు అంతగా లొంగదు. అందుచేతనే నిలుకడనుగూర్చి వేఱుగా ఆలోచింపవలసి వచ్చినది.

ఆరోగ్యవంతులు నడుచుటకు మనస్సును వాడుకొననట్లును, కంపవాతరోగులు వాడుకొనవలసినట్లును ఎందుకున్నది? దీనికి ఆత్రేయపురపు స్త్రీల చేతిపనిలోనే యుదాహరణ మున్నది. అచటి పూతరేకులను ఎఱుగని తెలుగువారరుదు. 2023 లో వానికి భౌగోళిక గుర్తింపుకూడ లభించినది. ప్రత్యేకముగా చేయించిన కుండను బోర్లించి, లోపల మంట పెట్టి, పలుచగా కలిపిన బియ్యపుపిండిలో పలుచని గుడ్డను ముంచి, కుండ వీపుమీద ఒక్కమారు లాగుదురు. క్షణములో తెల్లని పొర లేచి వచ్చును. చేయి తిరిగిన స్త్రీ ఈ పని చేయుచునే ప్రక్కవారితో ముచ్చటించును, పిల్లవానిని మందలించును, బేరము చెప్పును. రేకు చిరుగదు. అదే పనిని క్రొత్తగా నేర్చుకొనుచున్న పిల్ల ఊపిరి బిగబట్టి, పెదవి కొఱికి చేయును. ఎవరైన పలుకరించిరా, రేకు చిరిగినదే! చేతులు ఇద్దఱివియు చేతులే. నేర్చినదాని పని మనస్సునుండి చేతిలోనికి దిగినది; నేర్చుకొనుచున్నదాని పని ఇంకను మనస్సులోనే యున్నది.

నడకయు నిట్లే. ఏడాది బిడ్డ అడుగులు వేయునప్పుడు నేర్చుకొనుచున్న పిల్ల స్థితిలో నుండును. తరువాత ఆ పని మెదడు లోపలిభాగములకు అప్పగింపబడును. డోపమిన్ పనిచేయుతావు లవియే. అవి మనకు తెలియకుండ కాళ్లను, నడుమును, మెడను సరిచూచుకొనుచుండును. డోపమిన్ తగ్గినపుడు ఆ నమ్మకమైన పనివారు చేతులెత్తివేయుదురు. అప్పుడు ఎఱుకతో చేయు పనులకు మూలమైన, నుదుటివెనుకనున్న మెదడు భాగము ఆ పనిని తనమీద వేసికొనవలసి వచ్చును. అఱువది డెబ్బదియేండ్లు చేతివాటముగా జరిగిన పని మరల నేర్చుకొనుచున్న పిల్ల పని యగును. పైగా ఈ వ్యాధి కొందఱిలో ఆలోచనవేగమును, దృష్టి నిలుపుశక్తినికూడ తగ్గించును. ఖర్చు పెరిగినచోటనే రాబడియు తగ్గినదన్నమాట.

ఇక మన యిండ్లలో జరుగునది చూడుడు. పెద్దవారు పడకగదినుండి వసారాలోనికి నెమ్మదిగా నడచి వచ్చుచుందురు. వంటయింటినుండి కోడలు, "మామయ్యగారూ! కాఫీ ఇప్పుడే ఇమ్మంటారా, స్నానం అయ్యాక ఇమ్మంటారా?" అని యడుగును. ఆమె యడుగుట గౌరవముతోనే, ప్రేమతోనే. కాని ఆయన నడక ఆగిపోవును. లేదా ఆయన పలుకకయే నడచును. లేదా పలుకబోయి తూలును. మొదటిదానికి మొండితనమనియు, రెండవదానికి చెవుడనియు, మూడవదానికి పరాకనియు మనము పేర్లు పెట్టుదుము. మూడింటికిని మూలమొక్కటే. చేతనున్న రూపాయికి ఇద్దఱు బాకీదారులు ఒక్కమారే వచ్చి నిలిచిరి. ఆయన ఎవరో యొకరికి ఇచ్చి, రెండవవారిని పంపివేసెను.

మాటకును నడకకును గల యీ పోటీని స్వీడను దేశపు పరిశోధకులు 1997 లో మిక్కిలి సులభముగా చూపిరి. వృద్ధుల వసతిగృహమున 58 మందితో నడచుచు మాటాడి, మాట ఆరంభింపగానే నడక ఆపువారెవరో గుర్తించిరి. అట్టివారు 12 మంది తేలిరి. తరువాతి యాఱు మాసములలో ఆ 12 మందిలో 10 మంది పడిరి. వీరందఱును కంపవాతరోగులు కారు, వృద్ధులు మాత్రమే. ఏ యంత్రమును లేకుండ, ఒక్క పలుకరింపుతో రాబోవు ప్రమాదమును పసికట్టవచ్చునని దీనివలన తేలినది.

అయినను శాస్త్రమునకు ఇంతమాత్రము చాలదు. ఎంత ఖర్చగుచున్నదో తెలియవలెను. మందు వేసినపిమ్మట ఆ ఖర్చు తగ్గెనా, వ్యాయామము నేర్పినపిమ్మట తగ్గెనా యని పోల్చిచూడవలెను. పైచూపునకు ఈ భేదము తెలియదు. మనిషి ఎంత ఊగుచున్నాడో కొలుచుటకు ఒక పలక యున్నది. దానిమీద నిలుచుండబెట్టినచో పాదముల ఒత్తిడి ఎటు మారుచున్నదో అది వ్రాసికొనును. కాని ఇద్దఱు వ్యక్తులు ఆ పలకమీద ఇంచుమించు ఒకే తీరున ఊగవచ్చును. ఒకరు పరధ్యానముగా నిలిచియుందురు. మఱొకరు సర్వశక్తులను కూడదీసికొని నిలిచియుందురు. మొదటివారిని పలుకరించిన నష్టము లేదు; రెండవవారిని పలుకరించిన పడుదురు. ఊగును కొలిచిన చాలదు, ఊగకుండ నిలుచుటకై చెల్లించిన వెలను కొలువవలెను.

అందుల కొక మార్గము రెండు పనుల పరీక్ష. రోగిని కూర్చుండబెట్టి, నూరునుండి ఏడేసి తగ్గించుచు చెప్పుమందురు: 93, 86, 79 అని. తరువాత నిలుచుండబెట్టి ఆ లెక్కనే చెప్పింతురు. నిలుకడను, లెక్కను రెంటిని వ్రాసికొందురు. ఉదాహరణకు కూర్చున్నప్పుడు నియమితకాలములో 20 సరియైన జవాబులు చెప్పినవారు నిలుచున్నప్పుడు 14 మాత్రమే చెప్పిరనుకొందము. ఆఱు జవాబులు తగ్గినవి. అనగా నూటికి ముప్పదిపాళ్లు నిలుకడకు ధారపోసిరి. ఇది చౌకయైన పరీక్ష, సులభమైన పరీక్ష. కాని ఇందొక చిక్కు గలదు. కొందఱు లెక్కను కాపాడుకొని నిలుకడను వదలుకొందురు. దుంగమీదికి రాగానే మాట చాలించు నేర్పు కంపవాతరోగులలో తఱచు తగ్గును. పడిపోవు ప్రమాదమున నుండియు మాటనే సాగింపజూతురు. కావున రెండు పద్దులను కలిపి చూచినగాని లెక్క తేలదు.

రెండవ మార్గము కంటిపాప. చీకటిలో కనుపాప పెద్దదగుననియు, వెలుతురులో చిన్నదగుననియు మనమెఱిగినదే. మనస్సు శ్రమపడునప్పుడుకూడ అది పెద్దదగునని 1964 లో అమెరికాలో హెస్, పోల్ట్ అను నిద్దఱు చూపిరి. గుణకారము చేయుమని చెప్పినపుడు లెక్క కఠినమైనకొలది పాప విచ్చుకొనెను. జవాబు చెప్పగానే ముడుచుకొనెను. 1966 లో కానెమన్, బీటీ అనువారు అంకెలను వినిపించి జ్ఞాపకముంచుకొనుమనిరి. ఒక్కొక్క అంకె చేరినకొలది పాప పెరుగుచు వచ్చెను. అంకెలను తిరిగి యొప్పగించుచుండగా తగ్గుచు వచ్చెను. ఈ పెరుగుదల మిక్కిలి సూక్ష్మము. సాధారణముగా మిల్లీమీటరులో సగమునకు మించదు. అయినను నేటి కెమెరాలు దానిని పట్టగలవు. రోగి కంటికి అద్దములవంటి పరికరము పెట్టి, గదిలో వెలుతురు మారకుండ జూచి, నిలుకడ పరీక్ష జరుగుచున్నంతసేపును పాపను కొలుతురు. నాలుక అబద్ధమాడవచ్చును, "నాకేమి, బాగానే యున్నాను" అని పెద్దవారు అనవచ్చును. కనుపాపను అట్లు బిగబట్టుట యెవరి తరము?

అమెరికాలో కన్సాసు విశ్వవిద్యాలయ వైద్యకేంద్రపు పరిశోధకులు ఈ పద్ధతిని కంపవాతరోగులయందు ప్రయోగించిరి. మాటను, నిలుకడను జంటగా పరీక్షించుచు కనుపాపను కొలుచుట నమ్మదగిన కొలతయే యని 2018 లో ప్రకటించిరి. 2021 లో ప్రకటించిన వేఱొక పరిశీలనమున, నిలుకడ కష్టమైనకొలది రోగుల కనుపాపలు అదేవయస్సు ఆరోగ్యవంతులవానికంటె ఎక్కువగా విచ్చుకొనుచున్నవని కనుగొనిరి. కన్నులు మూసి నిలుపుట అట్టి కష్టమైన పరీక్షలలో నొకటి. చూపు లేనిచో నిలుకడ వెల ఇంకను పెరుగునని దీనివలన గ్రహింపవచ్చును. రాత్రి దీపమార్పిన పిమ్మట మరుగుదొడ్డికి లేచిన పెద్దవారు ఎందుకు పడుదురో దీనితో బోధపడుట లేదా?

మూడవ మార్గము నుదుటిమీది కాంతి. పిల్లలు టార్చిలైటుమీద అఱచేయి పెట్టి, వ్రేళ్లు ఎఱ్ఱగా వెలుగుట చూచి సంతోషింతురు. ఎఱుపును, దానికంటె కొంచెము అవతలనుండు కంటికి కానరాని కాంతియు శరీరములోనికి కొంతదూరము చొచ్చుకొనిపోవును. ఈ కాంతితో మెదడులోని ప్రాణవాయువును కనిపెట్టవచ్చునని 1977 లో యాబ్సిస్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. నుదుటికి చిన్నదీపములు గల పట్టీ కట్టి కాంతిని పంపినచో, మెదడు ఎక్కువగా పనిచేయుతావునకు ప్రాణవాయువుతో కూడిన రక్తము ఎక్కువగా చేరుట తెలియును. పట్టీ కట్టుకొని నడువవచ్చును గూడ. మెదడు విద్యుత్తరంగములను వ్రాయు యంత్రము నాలుగవది.

ఐదవది అన్నిటికంటె సులభము: రోగినే యడుగుట. 1988 లో అమెరికా అంతరిక్షసంస్థవారు విమానచోదకులు మొదలగువారి పనిభారము తెలిసికొనుటకు ఆఱు ప్రశ్నలు గల పట్టిక నొకదానిని ప్రకటించిరి. మనస్సునకు ఎంత భారము, శరీరమునకు ఎంత భారము, తొందర యెంత, పని ఎంతబాగుగా నెఱవేఱెను, ఎంత ప్రయాసపడితిరి, ఎంత విసుగు కలిగెను అనునవి ఆ ప్రశ్నలు. ఆకాశమున విమానము నడుపువారికై పుట్టిన ప్రశ్నలు నేడు వసారాలో నాలుగడుగులు నడుచువారికిని పనికివచ్చుచున్నవి. రోగి పడు శ్రమ ఎట్టిదో ఈ యొక్క సంగతియే చెప్పుచున్నది.

ఏ కొలతయు నిర్దోషమైనది కాదు. భయము కలిగినను కనుపాప పెద్దదగును. కొన్ని మందులవలనను మారును. నుదుటి చర్మములోని రక్తము కాంతిలెక్కను తప్పుదారి పట్టించును. అందుచే రెండు మూడు కొలతలను సరిపోల్చుకొని చూతురు. మఱియొకటి గమనింపవలెను. బడికి పోని అవ్వను నూరునుండి ఏడేసి తీసివేయుమనినచో తెలియవచ్చునది ఆమె వ్యాధి కాదు, ఆమెకు చదువు లేకపోవుట. ప్రశ్న మాతృభాషలో నుండవలెను, బ్రతుకులోనిది కావలెను. హైదరాబాదులోని నిజాము వైద్యవిజ్ఞానసంస్థయందు, ఆంగ్లదేశమున పుట్టిన అడెన్‌బ్రూక్ జ్ఞాపకశక్తి పరీక్షను తెలుగువారికి తగినట్లు మార్చి వాడుట ఈ కారణముచేతనే. నిలుచుండి కూరగాయల పేర్లు చెప్పుట, వారములను వెనుకనుండి చెప్పుట వంటివి మన పెద్దవారికి న్యాయమైన ప్రశ్నలు.

మందునుగూర్చి రెండు మాటలు. డోపమిన్ కొఱతయే యీ వ్యాధికి కారణమని 1960 లో వియన్నా నగరమున తేలినది. డోపమిన్‌గా మారు లెవోడోపా అను మందును 1967 లో కోట్జియాస్ అను వైద్యుడు తగినమోతాదున నిచ్చి ఫలితము చూపెను. మన దూలగొండి గింజలలో ఈ ద్రవ్యమున్నదని అంతకు ముప్పదియేండ్లు ముందే, 1937 లో, మద్రాసునందు దామోదరన్, రామస్వామి యనువారు కనుగొనియుండిరి. అట్లని గింజలు తెచ్చి నూఱి పెట్టరాదు. మోతాదు తెలియని మందు మేలుకంటె కీడు చేయును. వైద్యుడిచ్చు బిళ్లలతో కలిసినచో మఱింత చేటు. బిళ్లను చెప్పిన గడియకు వేయుట, వైద్యుని యడుగక హఠాత్తుగా మానకుండుట ముఖ్యము. పప్పు, పాలు, గ్రుడ్లు వంటి ఆహారముతోపాటు వేసికొన్నచో మందు కొందఱికి సరిగా పట్టదు. భోజనమునకు ఎంతముందు వేయవలెనో వైద్యుని యడిగి తెలిసికొనుడు.

ఇక గృహిణి చేయదగినది. కంపవాతరోగి లేచునప్పుడు, తిరుగునప్పుడు, గడప దాటునప్పుడు మాటాడింపకుడు. చెప్పవలసినది కూర్చున్న తరువాత చెప్పుడు. వారు కూర్చుండి జవాబు చెప్పుదురు. నడచువారి చేతికి నీళ్లగ్లాసుగాని, పళ్లెముగాని ఇయ్యకుడు. దారిలోని చాపలు, జాఱు పట్టలు తీసివేయుడు. రాత్రి మరుగుదొడ్డి దారిలో చిన్నదీప ముంచుడు. తిరుగవలసినచో ఉన్నచోటనే మడమమీద గిఱ్ఱున తిరుగక, గానుగెద్దువలె విశాలముగా చుట్టి తిరుగుమనుడు. లేచినతోడనే తల తిరుగుచున్నదన్నను, తఱచు పడుచున్నను, మింగునప్పుడు పొరపోవుచున్నను వైద్యునికి తప్పక చెప్పుడు.

గడపయొద్ద పాదములు నేలకు అతుకుకొనిపోవుట ఈ వ్యాధిలో తఱచు జరుగును. అప్పుడు చేయి పట్టి లాగకుడు. పైశరీరము ముందుకు వచ్చి, పాదములు వెనుకనే నిలిచి, పడిపోవుదురు. ఆగనిండు. ఊపిరి పీల్చుకొని, బరువును ఒక కాలినుండి మఱియొక కాలికి మార్చుకొని, "ఒకటి, రెండు" అని తాళము వేసినట్లు చెప్పినచో అడుగు పడును. నేలమీద అడ్డగీతలు గీచినచో వానిని దాటుచు నడువగలరని జేమ్స్ పర్డన్ మార్టిన్ అను వైద్యుడు 1967 లో వ్రాసెను. మనయింట గడపకు పసుపు పూసి బొట్లు పెట్టుట ఆచారమే; దానికి ముందు మూడు నాలుగు తెల్లనిగీతలు అడుగెడు దూరమున గీచినచో అందమునకు అందము, ఆధారమునకు ఆధారము. కంటికి కనబడు గుఱుతును పట్టుకొని నడచునప్పుడు మనస్సునకు త్రోవ సులువగును.

ఆత్రేయపురమునకు చేరువనున్న వాడపల్లి వేంకటేశ్వరుని కోవెలకు ఏడు శనివారముల మ్రొక్కుతో వచ్చి, ఏడేసి ప్రదక్షిణములు చేయువారిలో పెద్దవారెందఱో యుందురు. జనసమ్మర్దము, మైకుల మ్రోత, నాలుగుమూలల మలుపులు, పెదవులమీద నామజపము, చేతిలో పూలబుట్ట: కంపవాతరోగికి ఇంతకంటె ఖర్చయిన నడక లేదు. మ్రొక్కు మానుమనుట నా యుద్దేశము కాదు. రద్దీ తగ్గిన వేళ చూచుకొని, బుట్టను మీరు పుచ్చుకొని, మలుపులయొద్ద ఆగి, నడుమ కూర్చుండబెట్టి నామము చెప్పింపుడు. నడకను, నామమును వేఱుచేసిన మాత్రమున భక్తికి కొఱత రాదు.

ఇంతమాత్రమున రోగిని కదలనీయక కూర్చుండబెట్టుట మేలని తలపరాదు. కూర్చున్నకొలది కాళ్లు చచ్చుబడును. అమెరికాలో 195 మంది రోగులపై జరిపి 2012 లో ప్రకటించిన పరీక్షయందు, తైచీ యను చీనాదేశపు మెల్లని వ్యాయామము చేసినవారు కేవలము కండరములు సాగదీయు వ్యాయామము చేసినవారికంటె తక్కువమార్లు పడిరి. బెల్జియము, నెదర్లాండ్సు దేశములలో 121 మంది రోగులకు నడకను, ఆలోచనను కలిపియు, విడివిడిగాను అభ్యాసము చేయించి, రెండు విధములను మేలు కలిగెననియు, పడుట హెచ్చలేదనియు 2017 లో ప్రకటించిరి. కావున శిక్షణ తెలిసినవారి యెదుట, పట్టుకొనుటకు ఆసరా యుండగా, రెండు పనుల అభ్యాసము మంచిదే. అభ్యాసమునకు వేఱు వేళ, వంటయింటి గడపయొద్ద ఏమఱుపాటున వచ్చు ప్రశ్నకు వేఱు వేళ.

చివరకు మనవారినిగూర్చియే యొకమాట. ఈ వ్యాధి పురుషులకు కొంత యెక్కువగా వచ్చుమాట నిజమే. కాని స్త్రీలకును వచ్చును. వచ్చినపుడు స్త్రీ దానిని దాచుకొనును. అత్తగారో, అమ్మయో చేయి వణకుచున్నను గంజి వార్చుటకు పోవును. ఆమె ఉడుకుచున్న పాత్రను రెండుచేతుల పట్టుకొని పొయ్యియొద్దనుండి తిరుగుచుండగా, ఒకరు తాళపుచెవి యెక్కడనియు, ఒకరు చొక్కా యెక్కడనియు అడుగుదురు. ఇల్లాలు అన్నిటికిని ఒక్కమారే జవాబు చెప్పవలెనని అందఱకును అలవాటు. ఇంటిలో నందఱికంటె ఎక్కువగా రెండుపనుల పరీక్షకు గుఱియగుచున్నది ఆమెయే. ఆమె కనుపాపను ఎవరును కొలుచుట లేదు. గంజి వార్చు పని వేఱొకరు పుచ్చుకొనుడు. పీటమీదగాక బల్లయొద్ద కూర్చుండి కూరలు తఱుగుట, బియ్యము ఏఱుట వంటి పనులు ఆమెకు విడువుడు. పనినుండి పూర్తిగా తప్పించినచో ఆమె మనస్సు క్రుంగును.

ఈ కొలతలన్నియు పరిశోధనశాలలలోనివి. మన యిండ్లకు ఆ యంత్రములు రావు. వచ్చినదంతయు ఒక్క జ్ఞానమే: నెమ్మదిగా నడచువారు సోమరులు కారు, పలుకనివారు మొండివారు కారు. వారు ఆ క్షణమున మనకు కానరాని పెద్దపని నొకదానిని చేయుచున్నారు. పని చేయుచున్నవారిని పిలువక వేచియుండుట మన యిండ్లలో పసిపిల్లలకుకూడ నేర్పు మర్యాద. ఆ మర్యాదను పెద్దవారి నాలుగడుగుల నడకకును చూపినచో, ఏ యంత్రమును లేకయే ఒక యెముక విఱుగకుండ కాపాడినవారమగుదుము.